వానా, వెన్న ఇడ్లీ, ఒంటరి యాత్రికుడూ

ఈమధ్య యాత్రావ్యాసాల్లో ఒక కొత్త శాఖ బయల్దేరింది, గమనించారా? కాశీకో రామేశ్వరానికో వెళ్ళొచ్చి రాసేవి కావు ఇవి. ఒక మనిషి, ఒక్కడే, ఒక ఊళ్ళో రైలు దిగుతాడు. వాన పడుతూ ఉంటుంది. గొడుగు ఉండదు, ఉన్నా రైల్లో మర్చిపోతాడు. పొద్దున్నే ఒక హోటల్లో ఇడ్లీ తింటాడు. పదింటికి మ్యూజియం చూస్తాడు. మధ్యాహ్నం భోజనం మీద ఒక పేరా రాస్తాడు. సాయంత్రం ఏటి ఒడ్డున నిలబడి తన జీవితం గురించి ఆలోచిస్తాడు. రాత్రికి మళ్ళీ రైలెక్కుతాడు. అంతే, వ్యాసం అయిపోయింది.

అబద్ధమెందుకు, నాకివంటే ఇష్టమే. మధ్యాహ్నం వంటిల్లు సర్దుకుని, కాస్త నడుం వాల్చి చదువుకోవడానికి ఇంతకన్నా హాయైన సరుకు లేదు. చంపుకోవడాలుండవు, అత్తాకోడళ్ళుండరు. కానీ ఆమధ్య అలాంటిదొకటి మా బెజవాడ మీదే కనిపించింది. పెళ్ళి ఆల్బంలో మన ముఖం ఎక్కడుందా అని వెతుక్కున్నట్టు ఆత్రంగా చదివాను. చదవడం అయ్యేసరికి కాఫీ చల్లారింది గాని నా కోపం చల్లారలేదు. రచయిత పేరు చెప్పను. ఆయనొక్కడి తప్పు కాదిది, అచ్చు తప్పు. ప్రెస్సువాళ్ళ అచ్చు కాదండోయ్, ఇలాంటి వ్యాసాలన్నిటినీ పోత పోసే అచ్చు!

ముందు ఇడ్లీ సంగతి చూద్దాం. ఆయన గాంధీనగరం వెళ్ళి వెన్న ఇడ్లీ తిన్నాడు. బెజవాడ వచ్చి అది తినకుండా వెళ్ళడం తప్పే. ఆ ఇడ్లీతో పేరుపడ్డ బాబాయ్ హోటల్ పేరు ఎంత ప్రసిద్ధమంటే, జంధ్యాలగారు 1992లో ఏకంగా ఆ పేరుతోనే సినిమా తీశారు. సరే, ఇంతకీ ఇడ్లీ ఎలా ఉందిట? దూదిలా ఉందిట, నోట్లో వేసుకోగానే కరిగిపోయిందిట. తెలుగులో ఇడ్లీని గురించి రాసినవాళ్ళందరికీ ఒకే దూది, ఒకే కరగడం! పదిమంది వ్యాసాలు పక్కపక్కన పెడితే ఏ ఇడ్లీ ఎవరు తిన్నారో పోల్చుకోలేం.

పైగా అది వానరోజు. ముసురు పట్టినప్పుడు ఇడ్లీ పిండి పులవదని మనకి తెలుసు కదా! రాత్రి రుబ్బి పెడితే తెల్లారేసరికి పెట్టింది పెట్టినట్టే ఉంటుంది. పొయ్యి దగ్గరికి జరుపుతాం, గిన్నెకి తువ్వాలు చుడతాం, రుబ్బేటప్పుడు గుప్పెడు అటుకులు కలుపుతాం. ఇన్ని చేసినా ఒక్కోసారి ఇడ్లీ రాయిలా వస్తుంది. అలాంటిది, మూడు రోజులుగా ఎండ ముఖమెరగని ఊళ్ళో, పొద్దున్నే అంతమందికి దూదిలాంటి ఇడ్లీ ఎలా పెట్టగలిగారు? పిండి ఎన్నింటికి రుబ్బారు? ఎక్కడ దాచారు? నన్నడిగితే ఆ రోజు బెజవాడలో చూడదగ్గ వింత అదే. ఆయన దాన్ని తినేసి వెళ్ళిపోయాడు.

ఇదే రచయిత తడిసిన బట్టలు ఎక్కడ ఆరేసుకున్నాడో కూడా చెప్పడు. వ్యాసమంతా తడుస్తూనే ఉంటాడు, ఒక్క తుమ్మూ తుమ్మడు.

యాత్రలు రాసేవాళ్ళకి ఇవన్నీ దేనికి, అవి మీ ఆడవాళ్ళ గొడవలు అంటారేమో. తెలుగులో యాత్రావ్యాసానికి పెద్దదిక్కు ఎవరు? ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1830 మే నెలలో చెన్నపట్నంలో బయల్దేరి, కాశీ చూసుకుని 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు. ఆ పుస్తకం 1838లో అచ్చయింది. ఆయన ఒంటరి కాదు, వెంట వంటవాళ్ళు, బోయీలు, బంధువులు కలిపి సుమారు వందమంది. అందుకేనేమో, ఏ మజిలీకి వెళ్ళినా ముందు చూసేది నీళ్ళెక్కడున్నాయి, అంగళ్ళున్నాయా, దిగడానికి చోటుందా అని. దేవుడి సంగతీ రాస్తారు, దారిలో బురద సంగతీ రాస్తారు. వందమందికి పొద్దుటా సాయంత్రం అన్నం పెట్టాల్సినవాడికి ఊరు పొయ్యి వైపు నుంచి కనిపిస్తుంది. పుట్టెడు పాండిత్యం ఉన్న మనిషి గాని, బజార్లో బియ్యం ఉన్నాయో లేదో కనుక్కోవడం తక్కువతనం అనుకోలేదు. ఇప్పటివాళ్ళకి చేతిలో డబ్బుంది, ఎదురుగా హోటలుంది. అడగాల్సిన అవసరమే లేకపోయింది.

ఇక వాన. నాకు అసలు కోపం వచ్చింది ఇక్కడ. వ్యాసంలో మా భవానీపురానికి దక్కినవి రెండే రెండు వాక్యాలు. పున్నమి ఘాట్‌కి వచ్చాట్ట, భవానీ ద్వీపానికి పడవలు ఆపేశారన్నారట. ఏరు ఎర్రగా ఎంతో అందంగా ఉందనుకుంటూ వెనక్కి తిరిగాట్ట. పడవలు ఎందుకు ఆపారో అడగలేదు. ఏరు ఎందుకు ఎర్రబడిందో అడగలేదు.

వానపడితే బెజవాడలో మనిషికీ మనిషికీ మధ్య నడిచే మాట ఏమిటో తెలుసా? 'గేట్లు ఎన్ని ఎత్తారు?' ప్రకాశం బ్యారేజీకి డెబ్భై గేట్లు. కూరల బండి దగ్గర, రేషన్ షాపు దగ్గర, గుడి మెట్ల మీద ఇదే కుశలప్రశ్న. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళమీద పడి ప్రాణాలు పోయాయి. ఆ మర్నాడు సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపంతా మునిగింది. బ్యారేజీ దగ్గర కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఎగువ నుంచి కొట్టుకొచ్చిన పడవలు వచ్చి గేట్లకి గుద్దుకున్నాయి. పాలపాకెట్లు, మంచినీళ్ళు పడవల మీదా, డ్రోన్ల మీదా అందించిన రోజులవి. మా పేట చివరి వీధుల్లోకీ నీళ్ళొచ్చాయి. ఆ తర్వాత ఈ ఊళ్ళో వానచప్పుడు వినే తీరే మారిపోయింది. అర్ధరాత్రి చినుకు పడితే లేచి కిటికీ వేసేవాళ్ళం ఇదివరకు. ఇప్పుడు లేచి రోడ్డు మీద నీళ్ళెంతవరకూ వచ్చాయో చూస్తున్నాం.

వానని అందంగా రాయకూడదని కాదు. చూరుకింద చినుకుల్ని చూసి మురిసిపోనివాళ్ళెవరు? కానీ ఎవరి ఊళ్ళోనో నిలబడి, వాన తనకోసమే కురుస్తున్నట్టు రాస్తే ఎలా?

విమర్శించడం సులువు, నువ్వో రోజు తిరిగి చూడు, అని నా మనసే నన్ను దెప్పింది. అదీ నిజమే. వినాయకచవితి వెళ్ళిన కొద్ది రోజులకి ముసురు పట్టింది. ఇంట్లోవాళ్ళు ఎవరి పనులకి వాళ్ళు వెళ్ళారు. గొడుగు తీసుకుని గుమ్మం దిగానో లేదో, పక్కింటి మామ్మగారు అరుగు మీంచి "ఇంత వానలో ఎక్కడికమ్మాయీ?" అన్నారు.

చూశారా, ఈ ప్రశ్న ఆ వ్యాసంలో లేదు! ఆయన్ని ఎవ్వరూ ఎక్కడికని అడగలేదు. ఊరు చూడ్డానికి, ఇడ్లీ తినడానికి అని నేను చెప్పగలనా? "మందులు అయిపోయాయి మామ్మగారూ" అన్నాను. నోరు తిరక్కుండా వచ్చిన అబద్ధం కాదది, ఎంతో చక్కగా వచ్చింది. వర్జీనియా ఉల్ఫ్ అని ఇంగ్లీషు రచయిత్రి, 1927లో ఒక వ్యాసం రాసింది. చలికాలం సాయంత్రం లండన్ వీధుల్లో ఒంటరిగా తిరగాలనిపించి, పెన్సిల్ కొనుక్కోవాలన్న వంకతో బయటపడుతుంది. అంత గొప్ప రచయిత్రికే పెన్సిల్ వంక కావలసివచ్చింది, నాకు మందులు కావలసివచ్చాయంటే ఆశ్చర్యమేముంది? మనలో ఎంతమందికి గుడి ఒక వంక, కూరలు ఒక వంక, జాకెట్ల టైలరు ఒక వంక, లెక్క చూసుకోండి. ఆడవాళ్ళు ఇలాంటి వ్యాసాలు ఎందుకు తక్కువ రాస్తారయ్యా అంటే, మొదటి వాక్యంలోనే అబద్ధమాడాల్సి వస్తుంది గనక.

కుమ్మరిపాలెం సెంటర్లో బస్సెక్కాను. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకి బస్సు ఉచితం గదా, కండక్టరు సున్నా టికెట్టు కొట్టి చేతిలో పెట్టాడు. దాన్ని పర్సులో దాచుకున్నాను. ఎక్కడికి వెళ్ళావని అడిగేవాళ్ళుంటారు గాని, ఎంత ఖర్చయిందని అడగడానికి వీల్లేదు చూడండి.

హోటల్లో కుర్రాడు నా వెనక్కి తొంగిచూసి "ఎంతమందమ్మా?" అన్నాడు. "ఒక్కదాన్నే" అంటే మళ్ళీ తొంగిచూశాడు. పాపం, మంచివాడే. మూలగా, ఫ్యాను కింద చోటిచ్చాడు. ఆ మూల కూర్చుని పిండి సంగతి అడగాలని నేను చేసుకున్న తీర్మానం మాత్రం ఏమైపోయిందో నాకే తెలియదు. పళ్ళెం ముందుకొచ్చింది. ఇడ్లీ మీద వెన్న జారుతోంది, పక్కన కారప్పొడి. తినేశాను. పిండి ఎన్నింటికి రుబ్బారో అడగలేదు.

తర్వాత బందరు రోడ్డులో బాపు మ్యూజియం. విక్టోరియా రాణి జూబ్లీకని 1887లో మొదలైన రాతి భవనం అది. 1921లో కాంగ్రెసు సభలకి గాంధీగారు ఈ ఊరొచ్చినప్పుడు పింగళి వెంకయ్యగారు జెండా చూపించింది అక్కడే. అల్లూరు నుంచి తెచ్చిన నిలువెత్తు బుద్ధుడున్నాడు. ఆయన ముందు నిలబడ్డాను గాని, నా కళ్ళు కిటికీ వైపే పోతున్నాయి. డాబా మీద వేసిన బట్టలు తీశానా, లేదా? బుద్ధుడు చూస్తూనే ఉన్నాడు. ఎంత సేపటికీ గుర్తురాలేదు.

వ్యాసకర్తగారు బ్యారేజీ దాటి ఉండవల్లి వెళ్ళారు. నాలుగంతస్తుల గుహాలయం, లోపల పడుకున్న విష్ణుమూర్తి. వానలో తలదాచుకోవడానికి అంతకన్నా చోటు లేదని చక్కగా రాశారు. ఆ పేరా బాగుందని ఒప్పుకోవాలి. ఆ చీకట్లో ఆయన కాసేపు ఉపమానాలు మానేసి, చినుకులు ఏ వైపు నుంచి వినిపిస్తున్నాయో మాత్రం చెప్పాడు. వ్యాసంలో నాకు నిజమనిపించిన చోటు అదొక్కటే. నేను మాత్రం బ్యారేజీ మొదట్లోనే ఆగిపోయాను. పిల్లలొచ్చే వేళయింది. పక్కనెవరో ఒకాయన గేట్లు లెక్కపెడుతున్నాడు. నేనూ లెక్కపెట్టాను. ఇద్దరికీ చెరో సంఖ్య వచ్చింది.

ఇంటికొచ్చి ఆ వ్యాసం మళ్ళీ తీశాను. ఊరి గురించీ, వాన గురించీ నేనన్నమాట ఒక్కటీ వెనక్కి తీసుకోను. పున్నమి ఘాట్ నుంచి అలా వెనక్కి తిరగకూడదు, ఒడ్డున ఎవరినైనా పలకరించి ఉండాల్సింది. ఇడ్లీ విషయంలో మాత్రం ఇబ్బందిలో పడ్డాను. నేను నానబొయ్యని పప్పు, నేను రుబ్బని పిండి, నేను దింపని ఇడ్లీ. ఇంకొకళ్ళ పళ్ళెంలో ఏం తక్కువైందో చూడకుండా, వేడివేడిగా, కూర్చుని తిన్నాను. అలా తిని ఎన్నాళ్ళయిందో! దాని గురించి ఏం రాద్దామా అని కలం పట్టుకుంటే, 'నోట్లో కరిగిపోయింది' తప్ప ఇంకో మాట రాలేదు. ఆయనకి రోజూ ఎవరో వండిపెడుతూనే ఉంటారు గనక ఆయన ఇంకాస్త మంచి మాట వెతకాల్సింది అని ఇప్పటికీ అంటాను. నాకు మాత్రం మినహాయింపు ఇవ్వండి.

సాయంత్రం వాన కాస్త తెరిపిచ్చింది. మామ్మగారు అరుగు మీదే ఉన్నారు. "మందులు దొరికాయా అమ్మాయీ?" అన్నారు.

"దొరికాయండీ."

ఆవిడ నా చేతుల వంక చూశారు. గొడుగు తప్ప ఏమీ లేదు.

"నాకూ అయిపోవచ్చాయి. ఈసారి వెళ్ళేటప్పుడు పిలువు" అన్నారు.