ఆ బియ్యం ఎవరివి?

మాది మూడు ఊళ్ళ స్నేహం. నేను హిందూపురం, ఒకడు పెనుకొండ, ఇంకొకడు ధర్మవరం. ఒకే రైలు దారి మీది ఊళ్ళే అయినా కలిసేది పండక్కో పెళ్ళికో. అందుకని శనివారం రాత్రి పదికి ఫోన్లు స్పీకర్లో పెట్టుకుని, ముగ్గురం ఒకేసారి సినిమా మొదలుపెడతాం. ఆమధ్య వంతు నాది. ఇసావో తకహాతా తీసిన 'గ్రేవ్ ఆఫ్ ద ఫైర్‌ఫ్లైస్' (1988) పెట్టాను. "బొమ్మల సినిమానా ప్పా?" అని ధర్మవరం వాడు నవ్వాడు. పది నిమిషాలు తిరక్కుండా మూడు ఫోన్లూ మూగబోయాయి.

సినిమా రైల్వే స్టేషన్లో మొదలవుతుంది. 1945 సెప్టెంబరు 21 రాత్రి, కోబె నగరంలోని సన్నోమియా స్టేషన్లో, స్తంభానికి ఆనుకుని పద్నాలుగేళ్ళ సెయిటా ఆకలితో చచ్చిపోతాడు. తాను చనిపోయిన రాత్రి అదేనని చెప్పేది కూడా అతని గొంతే. ముగింపు మొదట్లోనే చెప్పేశాక, పిల్లలు బతుకుతారా లేదా అన్న ఉత్కంఠ ఇంకేముంటుంది? ఎట్లా పోయారో పక్కన కూర్చుని చూడటమే మన పని. బాంబులకి ఇల్లు కాలిపోతుంది, తల్లి ఒళ్ళంతా కాలి ప్రాణం వదుల్తుంది. తండ్రి నౌకాదళంలో ఉన్నాడు. నాలుగేళ్ళ చెల్లెలు సెత్సుకోని తీసుకుని సెయిటా దూరపు చుట్టరికం ఉన్న అత్త ఇంటికి చేరతాడు.

యుద్ధం అసలు మొదలయ్యేది ఆ ఇంట్లోనే. తల్లి కిమోనోలు ఇచ్చి బియ్యం తెచ్చుకుందామంటుంది అత్త. వద్దని సెత్సుకో ఏడుస్తుంది. బియ్యం వస్తాయి. కొన్నాళ్ళకి, పనికెళ్ళేవాళ్ళకి అన్నం ముద్దలు, పిల్లలిద్దరికీ నీళ్ళలాంటి గంజి. అవి మా బియ్యమే కదా అంటుంది సెత్సుకో. అక్కడ ధర్మవరం ఫోన్లోంచి మాట వినిపించింది: "మా అమ్మ పెళ్ళిచీర గూడా అట్లనే పాయ ప్పా." వాళ్ళది మగ్గాల ఇల్లు. పట్టు నేసేవాళ్ళ ఇంట్లో పట్టు మిగలదని అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు.

పెనుకొండ వాడు మాత్రం అత్త పక్షం. "ఆ పిల్లోనికి బ్యాంకులో తల్లి దాచిన డబ్బుంది. ఒక్క మాట తగ్గి ఆ ఇంట్లోనే ఉండొచ్చు కదా? చెరువు పక్కన గుహలోకి పోయి చెల్లెల్ని చంపుకున్నాడు" అన్నాడు. గొడవ పెద్దదే అయింది. నిజానికి ఆ మాటలో దర్శకుడికీ వాటా ఉంది. దీన్ని ఉత్త యుద్ధ వ్యతిరేక చిత్రంగా చూడొద్దని, లోకానికి దూరంగా బతకబోయిన ఇద్దరు పిల్లల కథగా చూడమని తకహాతా చెబుతూ వచ్చాడు. అతనేమీ ఒడ్డున కూర్చుని మాట్లాడలేదు. తొమ్మిదేళ్ళప్పుడు ఒకాయామా మీద బాంబులు పడుతుంటే పరుగెత్తినవాడు. మూలకథ 1967లో రాసిన అకియుకి నొసాకా అయితే తన చిట్టి చెల్లెల్ని ఆకలికి పోగొట్టుకున్నవాడు. తాను సెయిటా అంత మంచి అన్నని కాదని ఒప్పుకుని, ఆ తప్పు భారంతోనే కథ రాశాడు.

నాకు అనిపించేది ఇది. ఈ సినిమా బలం అత్తని రాక్షసిని చెయ్యకపోవడంలో ఉంది. ఆమె లెక్క మామూలు ఇంటి లెక్క: పనిచేసేవాడికి ముందు, మిగతావాళ్ళకి తర్వాత. యుద్ధం చేసిందల్లా ఆ లెక్కని ప్రాణం మీదికి తేవడమే. మా అవ్వ 1952 కరువులో గంజికేంద్రం వరసలో నిలబడింది. గంజి రుచి ఆమెకి గుర్తులేదు. పోసినామె గరిటె అడుగుదాకా ముంచిందా, పైపైన తేర్చి పోసిందా అన్నదే చివరిదాకా గుర్తుంది.

లోపం లేదనను. సెయిటా తండ్రి ఓడ ఏ దేశాల మీదికి పోయిందో సినిమా అడగదు. 1942లో జపాన్ బర్మాని ఆక్రమించింది, బెంగాల్‌కి అక్కడి బియ్యం రాక ఆగిపోయింది. తెల్లదొరల నిర్వాకం కూడా తోడై మరుసటేడు అక్కడ లక్షలమంది చచ్చిపోయారు. సత్యజిత్ రాయ్ 'అశని సంకేత్' (1973)లో యుద్ధం అంటే ఆకాశంలో పోయే విమానాలు, సంతలో కనబడకుండా పోయే బియ్యం, అంతే. ఈ రెండు సినిమాలూ ఒకదాని తర్వాత ఒకటి చూడాలి. ఒకే యుద్ధం, రెండు వైపులా ఖాళీ గిన్నెలు. తకహాతా సగం జవాబు మాత్రం ఇచ్చాడు. తండ్రి నౌకాదళాన్ని చూసి మురిసిపోయిన ఆ పిల్లవాడికి, జపాన్ లొంగిపోయిందనీ ఓడలన్నీ మునిగిపోయాయనీ తెలిసేది బ్యాంకులో, డబ్బు తీసుకుంటున్నప్పుడు. ఆ డబ్బుతో తిండి కొనుక్కొచ్చేసరికి చెల్లెలికి తినే ఓపిక లేదు.

పెనుకొండ అంటే 1565లో ఓడిన విజయనగరం వచ్చి తలదాచుకున్న ఊరు. రాజు వచ్చిన సంగతి బడిలో చదువుకున్నాం. ఆ దారిన ఎంతమంది పిల్లలు నడిచారో, వాళ్ళకి ఎవరు పెట్టారో ఏ పాఠంలోనూ చదవలేదు. ఈ సినిమా ఆ పిల్లల వైపు నుంచి చెప్పిన చరిత్ర.

మర్నాడు పొద్దున్నే పెనుకొండ నుంచి ఫోను. కరోనాలో పోయిన వాళ్ళక్క పిల్లలిద్దరూ అతనింట్లోనే పెరుగుతున్నారు. సినిమా ఎంచేటప్పుడు నాకు ఆ సంగతి గుర్తుకురాలేదు. క్షమించమన్నాను. "దానికేంలే ప్పా" అన్నాడు. కాసేపు ఆగి, "రాత్రి అంతసేపు వాదించినా? పొద్దున మా ఆడమనిషి వడ్డిస్తాంటే ఎవరి తట్టలో ఎంత పడిందో చూసినా. ఇన్నేండ్లలో ఎప్పుడూ చూడ్లేదు" అన్నాడు.

ఏం కనిపించిందని నేను అడగలేదు.