ఇచ్చుటకంటె ముందు రద్దు

పనిముట్టును చేయువానికిని, దాని నెట్లు వాడవలెనో వ్రాసి పెట్టువానికిని మనోధర్మములు వేరు. మొదటివానికి అది చక్కగా నడచిన దినమే పండుగ. రెండవవానికి, అది నడవని దినమున, తన యెదుట లేని యెవరో అర్ధరాత్రివేళ తన వాక్యమును చదివి దారి తెలిసికొనగలరా యని నిత్యము విచారము. కొంతకాలముగా ఈ రెండవ పని నా పాలబడినది. కృత్రిమ మేధతో పనిచేయు ఏజెంట్లకు, దూరపు సర్వరులలోనికి భద్రముగా ప్రవేశించుటకు ఎస్‌ఎస్‌హెచ్ కీలను వాడు అనుమతి నిచ్చి, లెక్క వ్రాసికొని, పని తీరగనే దానిని రద్దుచేయు ప్రోగ్రాము నొకదానిని మా బృందము కూర్చుచున్నది. దాని వాడుకను వివరించు డాక్యుమెంటు వ్రాయుట నా వంతు.

ఎస్‌ఎస్‌హెచ్ పుట్టినది 1995లో, ఫిన్లండు దేశమున. హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయపు నెట్‌వర్కులో ఎవరో చాటున నుండి పాస్‌వర్డులను సంగ్రహించినందున, అచ్చటి పరిశోధకుడు తాతు యుల్యోనెన్ దీనిని రచించెను. నేడు విరివిగా వాడుకలోనున్న ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ 1999లో ఓపెన్ బీఎస్‌డీ వారి చేతిమీదుగా వెలువడినది. ఇందు కీలు జంటగా నుండును. పబ్లిక్ కీని సర్వరులోని ఆథరైజ్డ్ కీస్ అను ఫైలులో చేర్తుము. ప్రైవేటు కీ మన యంత్రమును విడువరాదు. ఆ ప్రైవేటు కీ గల ఫైలును ఇతరులు చదువ వీలుగా నుంచినచో, ఎస్‌ఎస్‌హెచ్ దానిని వాడుటకే నిరాకరించును. ఈ కట్టుబాటంతయు ఒక్క నమ్మకముపై నిలిచియున్నది: కీ గలవాడు మనుష్యుడు, తాను చేయుచున్న దెరిగినవాడు, శంక కలిగినచో చేయి వెనుకకు తీసికొనువాడు.

ఏజెంటునకు ఆ శంక కలుగునని నమ్మి యుండరాదు. సర్వరులో డిస్కు ఎందుకు నిండినదో చూచి రమ్మన్నచో, అది లాగ్ ఫైళ్లన్నియు చదువును. చదివినదానిలో యజమాని యాజ్ఞ యేదో, దారినపోవువాడు చొప్పించిన వాక్యమేదో అన్నివేళల వేరుపరుపజాలదు. అట్టిదానికి అందుబాటులో ప్రైవేటు కీ యున్నచో, లాగులో నిమిడియున్న ఒక్క దొంగమాటకే అది దానిని బయటపెట్టవచ్చును. అట్లని మనుష్యులు ఈ విషయమున పరమ జాగరూకులని కాదు: 2023 మార్చిలో గిట్‌హబ్ అంతటి సంస్థయే, తన ఆర్‌ఎస్‌ఏ ప్రైవేటు కీ కొద్దిసేపు బహిరంగ రిపాజిటరీలో కనబడినందున, ఆ సర్వరు కీని మార్చుకొనవలసి వచ్చినది.

కావున మా ప్రోగ్రాము ప్రైవేటు కీని ఏజెంటు చేతికీయదు. పూర్వము దివాణములో గుమాస్తా చేతికి ముద్ర నీయక, కాగితమునే తెప్పించి యజమాని తానే ముద్ర వేసినట్లు, ఎస్‌ఎస్‌హెచ్ ఏజెంట్ అను పాత సహాయక ప్రోగ్రాము కీని తనయొద్దనే యుంచుకొని, అడిగినప్పుడు సంతకము మాత్రము చేసి యిచ్చును. అయినను, అడిగిన ప్రతిదానిపై సంతకము చేసినచో రక్షణ యేమున్నది? అందుచేత సంతకమునకు తోడుగా స్వల్పకాలపు సర్టిఫికెట్టు: ఏ పేరుతో ప్రవేశించునో, ఏ కమాండు మాత్రము నడుపవచ్చునో, ఎప్పటివరకు చెల్లునో అందే వ్రాసియుండును.

ఇంతవరకు ఇంజనీర్ల ప్రజ్ఞ. నా చిక్కు లిటుపైన మొదలయినవి, ఏలననగా ఈ డాక్యుమెంటును మనుష్యులే కాక ఏజెంట్లును చదువును. మనుష్యుడు ఉదాహరణను చూచి తనకు తగినట్లు మార్చుకొనును, ఏజెంటు తరచు దానిని ఉన్నదున్నట్లే నడుపును. క్రొత్త సర్వరునకు మొదటిసారి పోయినప్పుడు ఎస్‌ఎస్‌హెచ్ దాని వేలిముద్రను చూపి "అవునా, కాదా" యని యడుగుట మనమెరిగినదే. ఆ ప్రశ్నయొద్ద ఏజెంటు ఆగిపోవునని, సర్వరు కీని అడుగకయే నమ్మునట్లు స్ట్రిక్ట్ హోస్ట్ కీ చెకింగ్‌కు "నో" పెట్టిన వరుస నొకదానిని ఉదాహరణలలో చేర్చుట చాలమందికి అలవాటు. ఆ వరుసను నేను ఎచ్చటను ఉంచలేదు; సర్వరు కీని ముందుగానే నోన్ హోస్ట్స్ ఫైలులో చేర్చు విధానమునే చూపితిని. అట్లే, "అవసరమైనంత గడువు ఈయవచ్చును" అను వాక్యము మనుష్యునకు మర్యాదగా వినబడును గాని, యంత్రమునకు అది తలుపు బార్లా తెరచుటయే యగును. దానికి మారుగా నిట్లు వ్రాసితిని: "గడువు 15 నిమిషములు. పని మిగిలినచో క్రొత్త సర్టిఫికెట్టు కోరవలెను."

అన్నిటికంటె కష్టమైనది రద్దు ప్రకరణము. కీ నిచ్చు విధమును ఎవరైనను నాలుగు పంక్తులలో చెప్పగలరు. రద్దు చేసితిమన్న మాటకు మాత్రము షరతులు పెక్కు: రద్దయిన కీల జాబితా సర్వరు సర్వరునకు చేరవలెను, చేరనిచోట పాత సర్టిఫికెట్టు గడువు తీరువరకు చెల్లుచునే యుండును, గడువు తీరినను, అప్పటికే తెరచియున్న సెషను తనంతట మూసికొనదు, ఏలననగా ఓపెన్ ఎస్‌ఎస్‌హెచ్ గడువును ప్రవేశసమయమందే పరీక్షించును. ఈ షరతులను చిన్న అక్షరములలో అడుగున వేయుటకు నా మనసొప్పలేదు. డాక్యుమెంటు మొదటి పుటలోనే, కీ నిచ్చు కమాండుకంటె ముందు, కీని రద్దుచేసి సెషనును త్రెంచు కమాండులను ఉంచితిని. ఆరంభమందే అపశకునమేల యని మిత్రులు కొందరు విసుగుకొనిరి. ఆ పుట అవసరమైననాడు చదువువానికి తక్కిన పుటలు తిరుగవేయు తీరిక యుండదని నేను బదులు చెప్పితిని.

ఇట్టి పనిముట్లకు డాక్యుమెంట్లు వ్రాయువారికి నా మనవి యొకటే. ప్రోగ్రామును విడుదల చేయుటకు ముందు, మీ బృందమునకు చెందని యొకరిని పిలిచి, ఆ మొదటి పుటను మాత్రమే చేతికిచ్చి, నడుచుచున్న ఏజెంటు నొకదానిని ఆపుమనుడు. వారు ఆపలేకపోయినచో, మీ డాక్యుమెంటు ఇంకను పూర్తి కాలేదు. ఆ ప్రోగ్రామును ఎవరికిని ఈయరాదు.