పరిశోధకుల ఎంపిక – ప్రాంతీయ పరిశోధన: రామకుప్పం నేపథ్యంలో ఒక పరిశీలన

1. ఉపోద్ఘాతం

పరిశోధనకు ప్రభుత్వం వెచ్చించే ధనం పరిమితం. కనుక దానిని ఎవరికి ఇవ్వాలి, ఏ ప్రమాణంతో ఇవ్వాలి అన్న ప్రశ్నలు తప్పవు. తెలుగు పరిశోధన విషయంలో ఆ ప్రమాణం ఎంత సమంజసమో రామకుప్పం వంటి ప్రాంతం నుంచి చూస్తే తెలుస్తుంది. చిత్తూరు జిల్లా కుప్పం నియోజకవర్గంలోని ఈ మండలం కన్నడ, తమిళ ప్రాంతాలకు చేరువలో ఉంది. ద్రావిడ భాషల తులనాత్మక అధ్యయనానికి 1997లో ఏర్పడిన ద్రావిడ విశ్వవిద్యాలయం కుప్పంలోనే ఉంది. క్షేత్రమూ, విద్యాసంస్థా పక్కపక్కనే ఉన్నాయి. వాటిని కలపవలసినవాడు పరిశోధకుడు.

2. ప్రస్తుత విధానం

యుజిసి జూనియర్ రిసెర్చ్ ఫెలోషిప్‌కు నెట్ పరీక్షే ఆధారం. మూడు గంటల్లో 150 బహుళైచ్ఛిక ప్రశ్నలు, 300 మార్కులు. తెలుగు అభ్యర్థి సైతం మొదటి పత్రాన్ని ఇంగ్లీషులోనో హిందీలోనో రాయాలి. ఎంపికైనవారికి 2023 జనవరి నుంచి నెలకు 37,000 రూపాయలు లభిస్తున్నాయి. నెట్ లేని పిహెచ్.డి. విద్యార్థులకు యుజిసి ఇచ్చే 8,000 రూపాయలు కేంద్రీయ విశ్వవిద్యాలయాలకే పరిమితం. ద్రావిడ విశ్వవిద్యాలయం రాష్ట్ర ప్రభుత్వానిది కనుక అక్కడి విద్యార్థికి ఆ ఆసరా కూడా లేదు.

ఈ పద్ధతిలో గుణం లేకపోలేదు. అందరికీ ఒకే పరీక్ష ఉండడం వల్ల పైరవీకి చోటు తగ్గుతుంది. పల్లె విద్యార్థికీ అవకాశం దక్కుతుంది. అయితే ఇది పరీక్షించేది చదివిన విషయాల జ్ఞాపకాన్ని, అవగాహనను మాత్రమే. పట్టుపురుగులు పెంచే రైతు నోట పలికే పదాన్ని విని, దాని పొరుగు భాషా రూపంతో పోల్చి, సరిగా నమోదు చేయగల నేర్పు ఇందులో తేలదు. అభ్యర్థి ఏ అంశంపై పనిచేస్తాడో తెలియకముందే ఫెలోషిప్ అర్హత నిర్ణయమవుతుంది.

3. పూర్వానుభవం

ఇందుకు భిన్నమైన మార్గం తెలుగులోనే ఉంది. ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి చేపట్టిన మాండలిక వృత్తిపదకోశంలో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వాన వ్యవసాయ పదాల సంపుటం 1962లో వెలువడింది. అక్కడ ముందు నిర్ణయమైనది పని. దానికి తగినవారు తరువాత సమకూడారు. ధనం వ్యక్తి మార్కులను కాక సమాజపు అవసరాన్ని అనుసరించింది.

4. ముగింపు

నెట్‌ను తొలగించనక్కరలేదు, అదొక్కటే ద్వారం కావడమే లోపం. రాష్ట్ర ప్రభుత్వం ప్రాంతీయ అంశాలకు కొన్ని ఫెలోషిప్‌లు కేటాయించి, పరిశోధన ప్రణాళికను, క్షేత్రంలో సేకరించిన నమూనాను బయటి నిపుణులచేత పరీక్షింపజేస్తే పక్షపాతానికీ తావుండదు. కాడెద్దులు పోయి ట్రాక్టరు వచ్చిన పల్లెలో పనిముట్టుతోపాటు దాని పేరూ మరుగున పడుతుంది. ఆ పేరు తెలిసిన పెద్దలు మరుసటి నోటిఫికేషన్ వరకు ఉంటారన్న హామీ లేదు.