అబిజాన్ దర్జీ

1969లో పని వెతుక్కుంటూ నేటి బుర్కినా ఫాసో నుంచి ఐవరీకోస్ట్‌లోని అబిజాన్ చేరిన కుర్రాడు పాతే ఉయెద్రావొగో. ట్రెష్‌విల్ పేటలో కుట్టుమిషను ముందు కూర్చున్నాడు. 1987లో ‘బంగారు కత్తెర’ బహుమతి వచ్చింది. నెల్సన్ మండేలా ఆయన చొక్కాలు తొడుక్కున్నాక ‘పాతే ఓ’ అన్న పేరు ఖండమంతా పాకింది.

నన్ను కట్టిపడేసేది మాత్రం ఆయన ఎంచుకున్న బట్ట. దాని పేరు ఫాసో దాన్ ఫానీ, అంటే మాతృభూమి నేతగుడ్డ అని అర్థం. సంప్రదాయ మగ్గం మీద అది సన్నని పట్టీలుగా దిగుతుంది. వాటిని పక్కపక్కన చేర్చి కుడితేనే చొక్కాకు సరిపడే పన్నా వస్తుంది. దర్జీ పనితనం తేలేది అక్కడే. ఎడమవైపు అడ్డచార గుండీల దగ్గర కుడివైపు చారతో కలవాలి. వెంట్రుకవాసి తప్పినా ఇట్టే తెలిసిపోతుంది. పైగా చేనేత నూలు మందం, అతుకు దగ్గర ఉబ్బుతుంది. అలాంటి బట్టను దేశాధ్యక్షులు మోజుపడే చొక్కాగా మలచడం ఎంత గొప్ప పని!

2019లో మరాకేష్‌లో జరిగిన ప్రదర్శనకు మండేలా స్మారకంగా చొక్కా కావాల్సివచ్చి, పారిస్ ఫ్యాషన్ సంస్థ డియోర్ ఈ దర్జీనే వెతుక్కుంటూ వచ్చింది. ఆఫ్రికా పత్తి ఆఫ్రికాలోనే బట్ట కావాలని, ఆఫ్రికావాళ్లే దాన్ని కట్టుకోవాలని ఆయన పట్టు.