కోటకు పోయే తొవ్వ

మేడ్చల్ దాటి మనోహరాబాద్ వైపు హైవే అంచున నడుస్తుంటే, చింతచెట్టు కింద బర్రెలను ఆపుకుని నిలబడ్డ ఓ పెద్దాయన కేకేశాడు.

"ఏమైంది బిడ్డా, బండి ఖరాబైందా?"

"లేదు తాతా, నడుస్తున్న."

"ఏడిదాక?"

"మనోహరాబాద్ దాక."

ఆయన నన్ను కిందనుంచి మీదిదాకా ఒకసారి చూశాడు. "ఉట్టిగనేనా?"

ఉట్టిగనే. ఆయన అనుమానంలో తప్పేం లేదు. లారీలు చెవుల పక్కనుంచి దూసుకుపోయే 44వ నంబరు రహదారి మీద, పనీపాటా లేకుండా నడిచేవాడు ఎవరికైనా వింతగానే కనిపిస్తాడు. కానీ ఇదే దిక్కుకు, 1830లో, దాదాపు వందమంది ఒక గుంపుగా సాగిపోయారు. మద్రాసు సుప్రీంకోర్టులో దుబాసీల పెద్దగా పనిచేసిన ఏనుగుల వీరాస్వామయ్య పరివారం అది. ఆ ఏడాది మే 18న మద్రాసులో బయల్దేరి, కడప, శ్రీశైలం మీదుగా హైదరాబాద్ చేరి, సికింద్రాబాద్ నుంచి మేడ్చల్ మీదుగా నిర్మల్, అక్కణ్ణుంచి నాగపూర్, చివరికి కాశీ. తిరిగి ఇల్లు చేరింది 1831 సెప్టెంబర్ 3న. దారి పొడుగునా స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్లెకు రాసి పంపిన ఉత్తరాలే, ఆయన పోయిన రెండేళ్లకు, 1838లో 'కాశీయాత్ర చరిత్ర'గా అచ్చయ్యాయి. నిజం చెప్పాలంటే ఆయన సాగింది ఎక్కువగా పల్లకీలో. నడిచింది బోయీలు. వాళ్లలో ఎవరైనా ఓ పుస్తకం రాసి ఉంటే ఎలా ఉండేదో అని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఆ పుస్తకం చేతిలో ఉంటే దారి చూసే పద్ధతే మారిపోతుంది. ఈ ఊరికి ఆ ఊరు ఎన్ని ఆమడలు, దిగడానికి ముసాఫరుఖానా ఉందా, అంగళ్లలో ఏం దొరుకుతుంది, నీళ్లు మంచివేనా, బాట రాళ్లదా రేగడిదా అన్నీ రాసుకుంటూ పోయాడాయన. ఆమడంటే చోటుకో లెక్క, ఎనిమిది నుంచి పది మైళ్లు. సామానుతో మనిషి ఒక పూటలో అలిసిపోకుండా నడవగలిగేంత దూరం. కొలబద్ద మనిషి కాలే. దిగిన చోటు మజిలీ. మధిర సుబ్బన్న దీక్షితులు 'కాశీమజిలీ కథలు' రాస్తే అందులో గోపబాలుడు కదిలేది తనకు మజిలీకో కథ చెబితేనే. దూరాన్ని కథల్లో కొలిచే అలవాటు మనకు ఉండేదనడానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

జపాన్ వాళ్లకు ఈ అలవాటు ఇంకా పోలేదు. ఎదో, అంటే ఇప్పటి టోక్యో, నుంచి క్యోటో దాకా సముద్రపు ఒడ్డున పోయే తోకైదో బాటకు 53 మజిలీలు. కొండల్లోంచి పోయే నకసెందోకు 69. 1604లో షోగున్ ప్రభుత్వం దారి పొడుగునా 'రి'కి ఒకటి చొప్పున, అంటే సుమారు నాలుగు కిలోమీటర్లకొకటి, మట్టి దిబ్బలు పోయించి వాటిమీద చెట్లు నాటించింది. దూరం తెలుస్తుంది, నీడా దొరుకుతుంది. వీరాస్వామయ్య ఇల్లు చేరిన మరుసటి సంవత్సరమే హిరోషిగే అనే చిత్రకారుడు తోకైదో మీద వెళ్లివచ్చి, మజిలీకో బొమ్మ గీశాడు. వానలో జనం గొడుగులు పట్టుకుని ఉరుకుతూ, కూలీలు పల్లకీలు మోస్తూ ఉండే ఆ బొమ్మలు ఇప్పుడు ప్రపంచమంతా గోడలమీద ఉన్నాయి. మనవాడు అదే కాలంలో అదే పని అక్షరాల్లో చేశాడు. ఆ పుస్తకం పట్టుకుని ఆ తొవ్వ మీద నడిచే తెలుగువాళ్లు అరుదు, అంతే తేడా.

పాత బాటను పసిగట్టడం కష్టమేం కాదు. హైవే ఊరి బయటినుంచి పోతుంది, పాత తొవ్వ ఊరి నడుమనుంచి పోతుంది. మొదట చెరువు కట్ట చూడాలి. వానాకాలం రేగడి అడుసులో బండి చక్రం దిగబడుతుంది కాబట్టి ఎత్తుగా, గట్టిగా ఉండే కట్టే దారిగా పనికొచ్చేది. తిన్నగా పోతున్న దారి ఒక్కసారి విల్లులా వంగితే, అక్కడ ఇప్పుడు ప్లాట్లున్నా సరే, ఒకప్పుడు చెరువుండేదేమోనని అనుమానించొచ్చు. తర్వాత ముసలి చింతచెట్లు. ఒకటి కాదు, వరస కనిపించాలి. ఊరి పొలిమేరలో హనుమంతుడి గుడి, దాని పక్కన మెట్లబావి. బండెడ్లు నీళ్లు తాగే తొట్టి మిగిలి ఉంటే ఆరోజు అదృష్టం. ఇక బురుజు. తెలంగాణలో చాలా ఊళ్ల నడుమ రాళ్లతోనో మట్టితోనో కట్టిన గుండ్రటి బురుజు ఉంటుంది. దొంగల గుంపులు వస్తే ఊరు ముందే తెలుసుకోవడానికి. కోట అంత ఆర్భాటం లేని కోట అది.

పేర్లు కూడా దారి చూపిస్తాయి. మా బౌరంపేట్ చివర ఉన్న 'పేట'నే తీసుకోండి. రాజు, దండు ఉండేది కోట. ఆ గోడ నీడలోనో దారి పక్కనో అంగళ్లు వెలిస్తే అది పేట. జపాన్‌లో జోకామాచి అంటారు, 'కోట కింది ఊరు' అని అర్థం. కోటకు దగ్గర్లో సమురాయ్‌ల ఇళ్లు, వాళ్ల అవతల వర్తకుల వీధులు, కమ్మరి వీధి, వడ్రంగి వీధి, అంచున గుళ్లు. కోట పేట అని తెలుగువాడు జంటగా అనేమాటలో ఇదంతా ఉంది. అయితే మనం కోట చూడ్డానికి వెళ్తాం గానీ పేట చూడ్డానికి వెళ్లం. టికెట్ కౌంటర్ దగ్గర కారు దిగి, మెట్లెక్కి, పైన ఫొటో తీసుకుని, కిందికొచ్చి బిర్యానీ. సగం కోట చూడకుండానే తిరిగొస్తున్నామని నా ఫిర్యాదు.

ఆ సగం ఏమిటో అర్థం కావాలంటే ద్వారం దగ్గర ఆగాలి. కోటలో అసలు తెలివంతా ఉన్నది అక్కడే. మా ఇంటినుంచి గండిమైసమ్మ చౌరస్తాకు వెళ్తే, ఉత్తరానికి పోయే రోడ్డు దుండిగల్, నర్సాపూర్ అడవి దాటి మెదక్ చేరుస్తుంది. సుమారు 70 కిలోమీటర్లు. వైమానిక దళం అకాడమీ శిక్షణ విమానాలు తలమీద చక్కర్లు కొడుతుండగా మొదలయ్యే దారి, కాకతీయుల కాలపు దుర్గం కింద ముగుస్తుంది. మెదక్ అంటే మెతుకు సీమ. కోట మెతుకు దుర్గం. ఊళ్లోకి అడుగుపెట్టగానే కళ్లను లాక్కునేది మాత్రం 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠించిన చర్చి. 175 అడుగుల ఆ గోపురం ముందు కోట కాస్త చిన్నబోయి కూర్చుంటుంది. అందుకేనేమో పైకెక్కేవాళ్లు తక్కువ. ఎక్కితే మూడు ద్వారాలు. ప్రథమ ద్వారం మీద రెండు తలల గండభేరుండం, సింహద్వారం మీద కోరలు చూపే సింహాలు, గజద్వారం దగ్గర పెనవేసుకున్న ఏనుగులు. ఒక ద్వారంలో నిలబడితే తర్వాతది కనిపించకుండా కొండ దాచేస్తుంది. పైకి చేరితే కుతుబ్‌షాహీల నాటి మసీదు, గాదెలు, మూడు మీటర్లు దాటిన పొడవైన ఫిరంగి ఉన్నాయి. మెతుకు సీమ కోటలో గాదెలు ఉండటం నాకు బాగా నచ్చిన సంగతి. ముట్టడిలో గెలిచేదీ ఓడేదీ అక్కడేగా.

ఈ ద్వారపు విద్య పూర్తిగా చూడాలంటే వరంగల్ వెళ్లాలి. గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి ఎత్తు పెంచి పూర్తి చేసిన రాతికోట అది. 45 బురుజులు, చుట్టూ అగడ్త, దాని అవతల మట్టికోట. ఆ మట్టిగోడలో ఉక్కు ఈటె కూడా దిగదని ఢిల్లీ దండు సంగతులు రాసిన అమీర్ ఖుస్రో అంతటివాడు చెప్పాడు. రాతిగోడ లోపలివైపు పొడుగునా మెట్లు కట్టారు. ఏ మూల నుంచి శత్రువు వచ్చినా సైనికుడు ఉన్నచోటే పైకి పరుగెత్తొచ్చు. ద్వారాలు ఎక్కడా ఎదురెదురుగా ఉండవు. లోపలికొచ్చిన దారి గోడకు తగిలి పక్కకు తిరుగుతుంది, మళ్లీ తిరుగుతుంది. దూలంతో తలుపు బద్దలుకొట్టాలన్నా, ఏనుగును ఉసిగొల్పాలన్నా వెనక్కి వెళ్లి ఉరకడానికి జాగా ఉండదు. తిరిగినప్పుడల్లా దండు వేగం చస్తుంది, పక్క భాగం పైనున్న విలుకాళ్లకు గురిగా దొరుకుతుంది.

జపాన్ కోటల్లో దీన్నే మసుగాత అంటారు. 'మసు' అంటే బియ్యం కొలిచే చెక్క పెట్టె, మన మానిక లాంటిది. ఒక ద్వారం దాటితే నాలుగు గోడల మధ్య ఆ పెట్టెలాంటి ముంగిలి. రెండో ద్వారం ఎదురుగా కాక పక్క గోడలో ఉంటుంది. లోపలికి వచ్చినవాళ్లు గింజల్లా కొలతకు దొరికిపోతారు. ఒకరి దగ్గర ఇంకొకరు నేర్చుకునే దారి లేని రెండు దేశాల తాపీవాళ్లు ఒకే మలుపు దగ్గరికి చేరారు. ఏనుగో గుర్రమో, పరుగెత్తే ప్రాణికి మలుపే శత్రువని ఇద్దరికీ తెలుసు. కారులోంచి చూస్తే ఈ మలుపు ఒక ఇరుకు సందు. నడిస్తే తెలుస్తుంది, ఎటు తిరిగినా ఎవరో పైనుంచి చూస్తున్నట్టుంటుంది.

గోల్కొండకు నేను వెళ్లేది పురానాపూల్ నుంచి. 1578లో ఇబ్రహీం కుతుబ్‌షా మూసీ మీద కట్టించిన వంతెన అది. హైదరాబాద్ నగరం పుట్టింది దానికి పదమూడేళ్ల తర్వాత, 1591లో. ముందు తొవ్వ, తర్వాత ఊరు. పొద్దున్నే కూరగాయల గంపల మధ్య వంతెన దాటి కార్వాన్‌లో పడితే ఆ పేరే సంగతి చెబుతుంది. బిడారులు దిగిన చోటది. వజ్రాలు, బట్టలు తెచ్చే వర్తకులు కోటలోకి పోయేముందు ఆగిన మజిలీ. దారిలో 1671 నాటి తోలీ మసీదు ఉంది, సున్నపు పనితనం చూడాలంటే అక్కడ అరగంట కూర్చోవాలి. పదిహేడో శతాబ్దంలో వజ్రాల కోసం వచ్చిన ఫ్రెంచి వర్తకుడు తవెర్నియే కళ్లు పురానాపూల్‌ను ప్యారిస్ వంతెనతో పోల్చాయి. ఇప్పుడా దారిలో ఎవరి కళ్లయినా స్కూటర్లను తప్పించుకోవడానికే సరిపోతాయి.

కార్వాన్ లాంటి మజిలీని కాపాడుకోవడం జపాన్‌లోనూ తేలిగ్గా జరగలేదు. నకసెందో మీది త్సుమగో ఊరు రైలు పక్కనుంచి పోవడంతో పాడుపడింది. 1971లో ఊరివాళ్లు మూడు కట్టుబాట్లు పెట్టుకున్నారు: ఇల్లు అమ్మొద్దు, అద్దెకివ్వొద్దు, కూల్చొద్దు. ఇవాళ పక్కనున్న మగోమెనుంచి త్సుమగో దాకా ఎనిమిది కిలోమీటర్లు నడవడానికే దేశదేశాల నుంచి జనం వస్తున్నారు. అలాంటి మాట మన దగ్గర ఎవరు ఎవరితో అనుకోవాలి? గోల్కొండ గోడల లోపల బడా బజార్, ఛోటా బజార్ లాంటి బస్తీల్లో సంసారాలున్నాయి. రక్షిత కట్టడానికి వంద మీటర్ల లోపు కొత్తగా కట్టకూడదని చట్టం. కోటను కాపాడే ఆ చట్టమే కోటలో పుట్టిపెరిగినవాడికి ఇంటి మీద గది వేసుకోనివ్వదు. నేను ఎవరి పక్షమో ఇప్పటికీ తేల్చుకోలేకపోయాను. నిర్మల్ తొవ్వకు కాస్త పక్కనున్న దోమకొండ గడీని బాగుచేస్తే 2022లో యునెస్కో అవార్డు వచ్చింది, అదే ఏడాది గోల్కొండ మెట్లబావులకూ వచ్చింది. పని చేతకాక ఆగిపోవడం లేదని మాత్రం దాంతో తేలింది.

కార్వాన్ దాటాక దారి ఫతే దర్వాజాకు చేరుతుంది. 1687లో ఎనిమిది నెలల ముట్టడి తర్వాత ఔరంగజేబు దండు లోపలికొచ్చింది ఇటే, ఆ గెలుపు పేరే ద్వారానికి నిలిచింది. గోడ పడలేదు, లంచం పడింది. లోపలి సేనాని ఒకడు రాత్రిపూట తలుపు తీశాడు. ఆ తలుపుల మీది ఇనుప ములుకులు ఏనుగుల నుదుళ్ల కోసం. ద్వారానికి ఎదురుగా అడ్డుగోడ, దాన్ని చుట్టి వచ్చే వంపు.

మొన్న ఆదివారం ఆ వంపులో నిలబడి చాయ్ తాగాను. లోపలినుంచి ఒక ఆటో, బయటినుంచి ఒక స్కూల్ వ్యాను వచ్చాయి. మలుపు తిరిగేదాకా ఒకరికొకరు కనబడలేదు. ముక్కులు ఆనించి ఆగిపోయాయి. వెనక ఇంకో పది బండ్లు చేరాయి, హారన్లు మొదలయ్యాయి. ఆటో అబ్బాయి తల బయటపెట్టి, ఈ దర్వాజా కట్టినవాడెవడో గానీ, అంటూ అందుకున్నాడు.

అడ్డుగోడ పక్కనుంచి నేను నడిచి వెళ్లిపోయాను.