పాయింటు ముందు, బల్బు తర్వాత

స్లాబు రేపనగా ఎలక్ట్రీషియన్ వచ్చి, "సీలింగులో పాయింట్లు ఎక్కడెక్కడ ఇమ్మంటారండీ?" అని అడుగుతాడు. ఇంటివాళ్లకి ఆపాటికి ఇనుము రేటు, సెంట్రింగ్ మేస్త్రీ బాకీ, వాన పడుతుందేమో అన్న బెంగ తప్ప ఇంకేదీ తలకెక్కదు. "అందరికీ ఇచ్చినట్టే ఇచ్చెయ్ బాబూ" అంటారు. అంటే గది నడిమధ్యన ఫ్యాను, తలుపు మీద ట్యూబులైటు, బాత్రూములో ఒక బల్బు. గృహప్రవేశం నాటికి ఆ ఇంట్లో ఎవరు ఏ నీడలో కూర్చోవాలో అక్కడే తేలిపోతుంది.

తెనాలిలో మా పిన్ని కూతురు రెండు బెడ్రూముల ఇల్లు కట్టుకుంటూ మొన్న ఫోన్ చేసింది. "అన్నయ్యా, లైట్లకి ఎంత పక్కన పెట్టుకోమంటావ్?" షోరూముల్లో తీసిన ఫొటోలు ఓ గంపెడు పంపింది. వేలాడే దీపాలు, ఫాల్స్ సీలింగు అంచుల్లో దాక్కున్న స్ట్రిప్పులు, హాలు పొడుగునా డౌన్‌లైట్లు. షాపుకి వెళ్లడం మానేసి ప్లాను జిరాక్సు, పెన్సిలు పట్టుకు కూర్చోమన్నాను. మంచం ఎటు వేస్తారు? బీరువా ఎక్కడ? అత్తగారు పేపరు చదివే కుర్చీ ఏ కిటికీ పక్కన? పిల్లాడు హోంవర్కు టేబుల్ మీద రాస్తాడా, డైనింగు బల్ల మీదా? ఏ తలుపు ఎటు తెరుచుకుంటుంది? తలుపు వెనక్కి పోయిన స్విచ్చుబోర్డులు, బీరువా మింగేసిన ప్లగ్గులు మన ఇళ్లలో కొల్లలు. ఇవన్నీ గీశాకే లైట్ల మాట.

బల్బు ఇప్పుడు పెద్ద ఖర్చు కాదు. 2014 మొదట్లో ప్రభుత్వ సంస్థ ఈఈఎస్‌ఎల్ టోకున కొన్నా ఒక్కో ఎల్‌ఈడీ బల్బు 310 రూపాయలు పడింది. కొన్నేళ్లకే అది 38కి దిగింది. గుంటూరు జిల్లాలో చాలా ఇళ్లకి పాత బల్బులు తీసుకుని పది రూపాయలకొకటి చొప్పున ఎల్‌ఈడీలు ఇచ్చిన సంగతి మా పిన్నికి ఇంకా గుర్తే. కరెంటు లెక్కా అంతే. 9 వాట్ల బల్బు రోజుకి ఐదు గంటలు వెలిగితే నెలకి యూనిట్టున్నర కూడా కాదు. అంతే వెలుగిచ్చే పాత 60 వాట్ల బల్బయితే తొమ్మిది యూనిట్లు. బల్బు మాడితే వంద రూపాయల్లో పని అయిపోతుంది. పాయింటు తప్పుచోట పడితే మాత్రం గోడకి గాడి కొట్టాలి, పైపు వెయ్యాలి, సిమెంటు, పుట్టీ, పెయింటు, ఆ రంగు పాత గోడతో కలవక మళ్లీ గది మొత్తం పెయింటు. అందుకే డబ్బు తక్కువున్నవాళ్లు పాయింట్ల దగ్గర పొదుపు చెయ్యకూడదంటాను. పైపూ వైరూ వేయించి మూత బిగించేసినా చాలు, లైటు తర్వాత తీరుబడిగా కొనుక్కోవచ్చు.

వంటగది దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాం. గది మధ్యలో లైటుంటే గట్టు దగ్గర నిలబడ్డ మనిషి వీపు మీద వెలుగు, కత్తి కింది ఉల్లిపాయ మీద ఆ మనిషి తల నీడ. ఎన్ని వాట్లు పెంచినా అది పోదు. అల్మరా అడుగున ముందు అంచుకి రెండడుగుల సన్న ట్యూబు ఒకటి బిగిస్తే గట్టంతా తేటగా కనిపిస్తుంది. ఖర్చు కొద్దిపాటిదే, కానీ దానికి పైపు ముందే గోడలో ఉండాలి, స్విచ్చు సింకుకీ పొయ్యికీ ఎడంగా ఉండాలి. అద్దాల సంగతీ ఇంతే. నడినెత్తిన లైటుంటే కళ్ల కింద గుంటలు పడతాయి. అద్దానికి రెండు పక్కలా ఉంటే ముఖం ముఖంలా ఉంటుంది.

ఫ్యాను గొడవ చాలామందికి ఇల్లు చేరాకే తెలుస్తుంది. 48 అంగుళాల ఫ్యాను రెక్క మధ్య నుంచి రెండడుగులు పోతుంది. ఆ చుట్టులోపల సీలింగులో లైటు పెడితే రెక్కల నీడ గోడల మీద గబ్బిలంలా కొట్టుకుంటుంది, పుస్తకం పట్టుకున్నవాడికి తలనొప్పి. మధ్య నుంచి కనీసం మూడడుగులు జరపండి. లేకపోతే లైటుని గోడ మీదికి తెచ్చెయ్యండి.

పది బై పన్నెండు గదికి, గోడలు లేత రంగైతే, 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు ఒక్కటి సరిపోతుంది. మంచం పక్కన చిన్న చదువులైటు వేరే. అదే గదికి షోరూమువాడు ఎనిమిది పన్నెండు వాట్ల డౌన్‌లైట్లు రాశాడు, మొత్తం 96 వాట్లు. ఫాల్స్ సీలింగు మీద నాకు మొదట్నుంచీ మోజు లేదు. పదడుగుల ఎత్తున్న గదిని తక్కువ చేసి, డబ్బు తీసుకుని, పైన స్ట్రిప్పుకి కరెంటిచ్చే డ్రైవరు పోయిన రోజు నిచ్చెన ఎక్కిస్తుంది. హాల్లో సరదా పడితే కాదనను, బెడ్రూముల్లో సీలింగుకి తెల్ల రంగు చాలు.

వెలుగు రంగు దగ్గర మా అన్నాచెల్లెళ్లకి వాదం వచ్చింది. షాపులో ఊరికే "వైట్" అంటే చేతికొచ్చేది 6500 కెల్విన్, నీలం కొట్టే తెలుపు. పసుపు వెలుగంటే మన పెద్దవాళ్లకి గుడ్డిదీపం కిందే లెక్క. వంటకీ చదువుకీ 4000, పడకగదికి 3000, ఒకే గదిలో రెండూ కలపొద్దు అన్నాను. తను హాలుకి 6500 అంది, ఇల్లు తనది. బీరువా దగ్గర లైటుకి మాత్రం డబ్బా మీద సీఆర్‌ఐ, అంటే రంగులు ఎంత నిజంగా కనిపిస్తాయో చెప్పే అంకె, 90 ఉందో లేదో చూడమన్నాను. సాధారణంగా వచ్చేది 80. చీరకి సరిపోయిందనుకున్న జాకెట్టు రంగు ఎండలోకి వెళ్లాక తేలిపోవడం ఆ తేడా వల్లే.

మెట్లకి కిందా పైనా, మంచం దగ్గరా తలుపు దగ్గరా టూవే స్విచ్చులు తప్పనిసరి. ఇన్వర్టరు ఎప్పుడో కొంటాం అనుకున్నా దాని లైను వైరింగుకి ముందే చెప్పాలి, గదికో లైటు, ఫ్యాన్లు విడిగా.

ప్లాస్టరింగు మొదలవక ముందు ప్రతి గోడనీ ఫోనుతో ఫొటో తీసుకోమన్నాను, కొలత టేపు ఆనించి, ఏ గోడో కాగితం మీద రాసిపెట్టి. రేపు ఏసీ బిగించేవాడు డ్రిల్లు పట్టుకుని, "పైపులు ఎటు పోయాయండీ?" అంటే చూపించాలిగా. ఆదివారం తను పంపినవాటిలో సగం ఫొటోల్లో టేపు లేదు. మళ్లీ తియ్యమన్నాను.