దిబ్బల మీది చదువు

కువైట్ ఉత్తరాన సుబియా తీరంలో పురావస్తు శాస్త్రజ్ఞులు హెచ్-3 అని పిలుచుకునే చిన్న దిబ్బ ఒకటి ఉంది. అక్కడ బంగారం దొరకలేదు, శాసనాలు దొరకలేదు. రాతి గదుల పునాదులు, కుండపెంకులు, చేప ఎముకలు, ఆల్చిప్పలు, వాటితో పాటు కొన్ని నల్లటి తారు ముక్కలు బయటపడ్డాయి. తవ్వకంలో తారు ముక్క కనిపిస్తే పక్కన పారేయడం తేలిక. ఆ పని చేయకుండా తిరగేసి చూసినవాళ్లకు ఒక వైపు రెల్లు కట్టల అచ్చు, వాటిని బిగించిన తాడు గుర్తు కనిపించాయి. రెండో వైపు పడవ అడుగుకు పట్టే సముద్రపు గుల్లలు అంటుకుని ఉన్నాయి. రెల్లు మోపులు కట్టి, పైన తారు పూసి, ఉప్పునీటిలో తిప్పిన పడవ తాలూకు పూత అది. వయసు సుమారు ఏడు వేల ఏళ్లు. ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన సముద్ర పడవల అవశేషాల్లో అతి పాతవాటిలో ఇదొకటి.

పడవ పాతబడ్డాక తారును ఊడదీసి, కరిగించి మళ్లీ పూయడానికి దాచుకున్నారని తవ్వినవాళ్ల అంచనా. అదే దిబ్బలో మట్టితో చేసిన పడవ బొమ్మ, రెండు కాళ్ల తెరచాప కొయ్య ఉన్న పడవ బొమ్మ గీసిన పెంకు బిళ్ల కూడా దొరికాయి. పడవ ఎలా కట్టారో తారు చెబితే, అది గాలివాటున ఎలా నడిచిందో ఆ బిళ్ల చెప్పింది.

అసలు ముచ్చట ప్రయోగశాలలో తేలింది. ఒక్కో నేలలో పుట్టిన తారుకు ఒక్కో రసాయన ముద్ర ఉంటుంది. కోట్ల ఏళ్ల కింద చచ్చిన సూక్ష్మజీవుల కొవ్వుల నుంచి మిగిలిన కొన్ని అణువుల పాళ్లు ఆ నేలకే చెందినవి. హెచ్-3 తారును అలా పరీక్షిస్తే అది కువైట్‌లోని బుర్గాన్ గుట్ట దగ్గరిదని తేలింది. 1938లో చమురు పడి, ఆ దేశం నడకనే మార్చేసిన బుర్గాన్ అదే. నేల మీదికి ఊరిన తారును ఏడు వేల ఏళ్ల కిందటి బెస్తలు పడవకు పూసుకున్నారు. కడప, రాయచోటి, రాజోలు నుంచి వెళ్లి ఆ దేశంలో బతుకు వెతుక్కుంటున్న తెలుగువాళ్లకు బుర్గాన్ అంటే చమురు బావులు. అదే పేరు ఇంత పాత పనితనానికీ చిరునామా అని తెలిసినవాళ్లు కొద్దిమంది.

హెచ్-3ని తవ్వింది బ్రిటిష్ బృందం. 1998 నుంచి కొన్నేళ్ల పాటు సాగిన ఆ పనిలో లండన్ విశ్వవిద్యాలయ కళాశాల పండితులు ముందున్నారు. కువైట్ వైపు నుంచి చేయి కలిపింది జాతీయ సంస్కృతి, కళలు, సాహిత్య మండలి. 1973లో ఏర్పడిన ఈ ప్రభుత్వ సంస్థే ఇప్పుడు అక్కడి పురావస్తువులకు, మ్యూజియంకు పెద్దదిక్కు. ఎవరు తవ్వడానికి వచ్చినా దాని అనుమతితో, దాని మనుషులను పక్కన పెట్టుకుని తవ్వాలి. అందుకే ఆ బృందాల పేర్లు కువైట్-పోలండ్, కువైట్-డెన్మార్క్, కువైట్-ఇటలీ అని జంటగా ఉంటాయి. పేరు జంటగా ఉండడం మర్యాద కోసమే అనుకోకూడదు. ప్రభుత్వం దగ్గర నేల ఉంది, చట్టం ఉంది, భద్రపరిచే చోటు ఉంది. విశ్వవిద్యాలయం దగ్గర పద్ధతి, పరికరం, ఏళ్ల తరబడి ఒకే ప్రశ్న వెంట పడే ఓపిక ఉన్నాయి. ఈ రెంటిలో ఏది లేకపోయినా దిబ్బ దిబ్బగానే ఉండిపోతుంది, లేదా దొంగల పాలవుతుంది.

ఈ పొత్తు మొదలైన కాలం కూడా తలచుకోవాల్సిందే. చమురు డబ్బు వచ్చిన తొలి ఊపులో కువైట్ తన పాత నగరాన్ని తానే కూల్చుకుంది. మట్టి, సముద్రపు రాయి, మడచెట్ల దూలాలతో కట్టిన ఇళ్లు పోయాయి. 1920లో ఊరంతా కలిసి లేపిన కోటగోడను 1957లో పడగొట్టి, ద్వారాలను మాత్రం ఉంచారు. ఆ మరుసటి ఏడాదే, 1958లో, పి.వి. గ్లోబ్, జెఫ్రీ బిబీ నడిపిన డెన్మార్క్ బృందం ఫైలకా దీవిలో పలుగు దించింది. స్వాతంత్ర్యం రావడానికి ఏడాది ముందే, 1960లో, కువైట్ పురావస్తు చట్టం చేసుకుంది. ఒక చేత్తో కూలుస్తూనే రెండో చేత్తో కాపాడడం నేర్చుకున్న దేశం అది. ఆ నేర్చుకోవడంలో ఫైలకాది పెద్ద పాత్ర.

కువైట్ నగరానికి సుమారు ఇరవై కిలోమీటర్ల దూరంలో, కువైట్ అఖాతం నోట్లో ఉంది ఫైలకా. నాలుగు వేల ఏళ్ల కింద మెసొపొటేమియాకూ సింధు తీరానికీ మధ్య సరుకు నడిపిన దిల్మున్ వర్తకుల ఊరు ఇక్కడ ఉండేది. ఆ తర్వాత గ్రీకులు వచ్చి దీన్ని ఇకారోస్ అన్నారు. కోట కట్టి, లోపల గుడి లేపారు. ఆ గుడి స్తంభాల తలలు గ్రీకు పద్ధతి, పాదాలు పర్షియన్ పద్ధతి. ఇంకొన్ని శతాబ్దాలకు అల్ ఖుసూర్ దగ్గర క్రైస్తవ మఠం వెలిసింది. ఒకే చిన్న దీవిలో ఇన్ని పొరలు ఉండడం వల్ల ఒక్కో దేశం బృందం ఒక్కో కాలాన్ని పట్టుకుంది. డెన్మార్క్‌లోని మోస్గార్డ్ మ్యూజియం బృందం 2008లో తిరిగి వచ్చి దిల్మున్ దిబ్బలో పని సాగిస్తోంది. ఫ్రెంచివాళ్లు కోటనూ మఠాన్నీ తీసుకున్నారు. ఇటలీలోని పెరూజియా విశ్వవిద్యాలయం అల్ ఖురైనియా అనే తీరగ్రామంలో తవ్వుతోంది.

ఫైలకా దిల్మున్ దిబ్బలు ఇచ్చిన వాటిలో నన్ను ఎక్కువగా పట్టి ఉంచినవి ముద్రలు. నాలుగు వందలకు పైగా దొరికాయి. పెద్ద బొత్తాం అంత ఉంటాయి. ముఖం చదును, వీపు ఉబ్బు. వీపు మీద మూడు సమాంతర గీతలు, వాటికి అటూ ఇటూ చుక్క చుట్టూ సున్నా చుట్టిన గుర్తులు నాలుగు. రాయి బలపపు రాయి, మన పిల్లలు పలక మీద రాసే బలపం జాతిదే. గోటితో గీసినా గీత పడేంత మెత్తన. పనివాడు ఆ మెత్తదనాన్ని వాడుకున్నాడు. ముందు గుండ్రంగా అరగదీసి, దారం దూర్చడానికి అడ్డంగా తొలిచి, ముఖం మీద జింకలు, ఎద్దులు, పడవలు, కూజాలోంచి గొట్టాలతో పానీయం పీల్చే మనుషులు, ఇలా తన బొమ్మలు చెక్కాడు. ఆ తర్వాత కాల్చాడు. నిప్పు తగిలితే బలపపు రాయి గుణం మారిపోయి గట్టి పడుతుంది, పైన తెల్లటి నిగారింపు వస్తుంది. బుట్టకో జాడీకో కట్టిన ముడి మీద తడి మట్టి పెట్టి దీంతో నొక్కితే, మూట విప్పినట్టు ఎవరికీ తెలియకుండా విప్పడం కుదరదు. గల్ఫ్‌లో దొరికిన గుండ్రటి ముద్రల్లో కొన్నింటి మీద సింధు లిపి కూడా ఉంది. లెక్కాపత్రం మనదాకా ఎలా నడిచిందో దానితో ఊహించుకోవచ్చు.

ఈ ముద్రల బొమ్మలూ కొలతలతో డెన్మార్క్ పండితుడు పౌల్ కేరుమ్ 1983లో ఒక జాబితా గ్రంథం వెలువరించాడు. పండితులు తప్ప ఎవరూ తిరగేయని పుస్తకమది. ఏడేళ్లకు, 1990 ఆగస్టులో ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చింది. జాతీయ మ్యూజియం దోపిడీకి గురైంది, భవనం తగలబడింది. ఫైలకా జనాన్ని ఖాళీ చేయించి దీవిని సైనిక స్థావరం చేశారు, మందుపాతరలు పెట్టారు. యుద్ధం ముగిశాక చాలా వస్తువులు ఐక్యరాజ్యసమితి చేతుల మీదుగా బాగ్దాద్ నుంచి తిరిగొచ్చాయి, కొన్ని రాలేదు. దీవి ఊరికి పాత జనం మాత్రం తిరిగి చేరలేదు. వస్తువు చేతిలో లేనప్పుడు దాని రాత, గీత, కొలత ఎంత విలువైనవో ఆ ఏడు నెలలు చూపించాయి. దోచిన వస్తువు నాదని చెప్పుకోవాలంటే ముందు దాన్ని గుర్తుపట్టేలా ఎక్కడో రాసి ఉండాలి. ఏ పరికరమైనా, ఏ శిక్షణయినా చివరికి ఆ రాతను పక్కాగా చేయడం కోసమే అని నా నమ్మకం.

ఇంతకీ దిబ్బ మీద నేర్పేదేమిటి? మొదటిది మట్టిని చదవడం. నేలను గళ్లుగా విభజించి, ఒక్కో గడిలో పొర తర్వాత పొర తీస్తారు. గడి అంచున నిలువుగా మిగిల్చిన మట్టి గోడలో బూడిద పొర, ఇసుక పొర, కూలిన ఇటుక పొర రంగు తేడాతో కనిపిస్తాయి. కరిగిపోయిన పచ్చి ఇటుక గోడకూ, దాని చుట్టూ పేరుకున్న అదే మట్టికీ తేడా మొదట కంటికి ఆనదు. కాసిన్ని నీళ్లు చల్లి, ఆరేటప్పుడు చూస్తే ఇటుకల మధ్య గీతలు తేలతాయి. తాపీ కొస తగిలిన చోట గట్టిదనం మారడం చేతికి తెలుస్తుంది. దీన్ని తరగతి గదిలో చెప్పి ఒప్పించలేం. అనుభవజ్ఞుడి పక్కన కూర్చుని, ఒక తవ్వకాల సీజన్ కాదు, కొన్ని సీజన్లు గీకితే చేయి తిరుగుతుంది.

యంత్రాలు ఆ తర్వాత. నేల లోపలి అయస్కాంత తేడాలను కొలిచే పరికరంతో నడిచి వెళితే, కాలిన మట్టి, పొయ్యి, పూడిన గుంట పటంలో మచ్చలుగా వస్తాయి. ఎక్కడ తవ్వాలో, అంతకన్నా ముఖ్యంగా ఎక్కడ తవ్వకుండా వదలాలో తెలుస్తుంది. వందల ఫొటోలను కలిపి గోడ మొత్తానికి మూడు కొలతల రూపం కట్టే పద్ధతి వచ్చాక, రోజుల తరబడి చేత్తో గీసే పని గంటల్లోకి వచ్చింది. అయినా చేత్తో గీయడం మానకూడదనే పక్షం నాది. గీసేవాడు ప్రతి రాయినీ ఒకసారైనా చూస్తాడు.

సుబియాలోనే బహ్రా-1 అనే చోట వార్సా విశ్వవిద్యాలయ పరిశోధన కేంద్రం కువైట్ మండలితో కలిసి 2009 నుంచి తవ్వుతోంది. ఇదీ హెచ్-3 కాలపు ఊరే. 2024లో అక్కడ చిన్న మట్టి తల దొరికింది. సాగిన పుర్రె, వాలు కళ్లు, చదును ముక్కు. పత్రికలన్నీ ఆ తల ఫొటో వేశాయి. నా దృష్టిలో అంతకన్నా పెద్ద విషయం పెంకుల్లో ఉంది. ఆ ఊళ్లో రెండు రకాల కుండలు వాడారు. అక్కడే చేసిన ముతక ఎర్రటివి, మెసొపొటేమియా నుంచి తెచ్చుకున్న నాణ్యమైనవి. మట్టి పగలకుండా కుమ్మరి కలిపిన గడ్డీ గాదం ఆనవాళ్లను పరీక్షిస్తే, స్థానిక కుండల్లో రెల్లు వంటి అడవి మొక్కలు, దిగుమతి కుండల్లో బార్లీ, గోధుమ వంటి పంట మొక్కలు కనిపించాయని బృందం ప్రకటించింది. కుమ్మరి ఏ నేల మనిషో అతను కలిపిన పొట్టే చెప్పింది. ఆ పెంకును జల్లెడలో గుర్తుపట్టి, చీటీ రాసి, సంచిలో వేసిన మనిషి లేకపోతే వార్సాలోని సూక్ష్మదర్శినికి పనే లేదు.

తవ్వి తీసిన గోడను నిలబెట్టడం ఇంకో విద్య. అఖాతం గాలిలో తేమ, నేలలో ఉప్పు. తేమతో పాటు ఉప్పు గోడలోకి ఎక్కి, ఎండకు ఆరగానే లోపలే గడ్డకట్టి, రాతిని పొరలు పొరలుగా విడగొడుతుంది. సిమెంటు పూస్తే తేమ బయటికి పోయే దారి మూసుకుపోయి నష్టం రెట్టింపవుతుంది. గోడ కన్నా మెత్తగా ఉండి, గోడతో పాటు ఊపిరి పీల్చే మట్టి పూతో సున్నపు పూతో కావాలి. మన పాత గుళ్లకు గానుగ సున్నమే ఎందుకు వాడాలని స్థపతులు పట్టుబడతారో ఇక్కడా అదే కారణం. కొన్నిచోట్ల కొలతలన్నీ తీసుకుని, మళ్లీ ఇసుకతో పూడ్చి పెట్టడమే అన్నిటికన్నా మంచి రక్షణ. చూడడానికి వచ్చినవాళ్లకు అది నిరాశే, గోడకు మాత్రం ఆయుష్షు.

తెలుగువాళ్లకు ఇదంతా పరాయి కథ కాదు. 1954 నుంచి 1960 దాకా నాగార్జునకొండ లోయను, నీళ్లు ముంచక ముందే, ఆర్. సుబ్రహ్మణ్యం నాయకత్వంలో కేంద్ర పురావస్తు శాఖ తవ్వింది. ముఖ్యమైన కట్టడాలను కొండ మీదికి ఎత్తి కట్టారు. ఇప్పుడది కూడా దీవే. రామప్ప గుడి నీళ్ల మీద తేలే ఇటుకలు, పునాది కింది ఇసుక పొర గురించి వరంగల్ ఎన్‌ఐటీ ఆచార్యుడు ఎం. పాండురంగారావు వంటి ఇంజనీర్లు చేసిన పరిశీలనలు, 2021లో యునెస్కో గుర్తింపు దాకా నడిచిన ప్రయత్నానికి బలమిచ్చాయి. ఇంజనీరు, శిల్పి, ప్రభుత్వ అధికారి ఒకే గోడ ముందు నిలబడితే ఏం జరుగుతుందో మనమూ చూశాం. తేడా ఒక్కటే. మన దగ్గర అలాంటి కలయిక ఎక్కువగా ఒక పెద్ద అవసరం మీదపడ్డప్పుడు జరుగుతుంది. కువైట్‌లో అది ఏటా వచ్చే సీజన్.

ఆ ఏర్పాటులో కొరత లేకపోలేదు. పరిశోధన బరువు ఇప్పటికీ ఎక్కువగా బయటి విశ్వవిద్యాలయాల మీదే ఉంది. సీజన్ అయ్యాక నమూనాలు యూరప్ ప్రయోగశాలలకు వెళితే, వాటిని పరీక్షించే నేర్పు కూడా అక్కడే ఉండిపోతుంది. మండలి ఉద్యోగులు దిబ్బ మీద నేర్చుకుంటున్నారు. దానికి తోడయ్యే చదువు కువైట్ తరగతి గదుల్లోనూ బలపడాలి.

తొందర పడాల్సిన కారణం కళ్ల ముందే ఉంది. ఫైలకాలోని పాత దిబ్బల ప్రాంతాన్ని కువైట్ 2013లో యునెస్కో తాత్కాలిక జాబితాలో చేర్చింది. దీవిని విహార కేంద్రం చేయాలన్న ఆలోచనలు మరోవైపు చాలా కాలంగా ఉన్నాయి. 2019లో అఖాతం మీదుగా నగరాన్ని సుబియాతో కలిపే షేక్ జాబిర్ వంతెన తెరిచారు. మునుపు ఎడారి చుట్టూ తిరిగి వెళ్లాల్సిన చోటికి ఇప్పుడు కారులో నేరుగా పోవచ్చు. ఆ కొసన కొత్త మహానగరం కట్టాలన్నది ప్రణాళిక. హెచ్-3 ఉన్నదీ, బహ్రా ఉన్నదీ ఆ వైపే. పునాదులకు నేల కొలిచే రోజున, ఏ మట్టి కింద గోడ ఉందో చూసి చెప్పగల కువైట్ మనిషి ఆ సర్వే బృందంలో ఉండాలి. అతన్ని తయారు చేయడానికి ఎన్ని సీజన్లు పడతాయో బహ్రాలో పని చేసినవాళ్లకు తెలుసు.